నాలుగో కుర్రాడు

ఆగస్టు వచ్చిందంటే అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులకు లెక్కలతోనే సరిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు శిక్షణ శిబిరానికి 90 మంది దాకా వస్తారు. నెలాఖరుకి మిగిలేది 53 మందే. ఉండేదెవరు, పెట్టే సర్దుకునేదెవరు... ఎవరి జాబితా వాళ్లు ముందే రాసేస్తుంటారు. మొదటి నలభై పేర్లూ చెప్పడం తేలికే. చిక్కంతా ఆఖరి అయిదారు దగ్గరే!

2000లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ సంగతే చూడండి. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌లను ఏ జట్టయినా ఇద్దరినో ముగ్గురినో ఉంచుకుంటుంది. కోచ్ బిల్ బెలిచిక్ మాత్రం నలుగురిని ఉంచాడు. ఆ నాలుగోవాడు కొత్త ఆటగాళ్ల ఎంపికలో 199వ పేరుగా వచ్చిన బక్కపల్చటి కుర్రాడు. వదిలేస్తే వేరే జట్టు తన్నుకుపోవచ్చు. ఉంచుకుంటే ఇంకో స్థానంలో ఒకరిని పంపించెయ్యాలి. తీరా ఉంచుకుంటే, ఆ ఏడాది కుర్రాడు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్.

2001 సెప్టెంబరులో మొదటి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సో గాయపడటంతో అతనికి పిలుపొచ్చింది. 2002 ఫిబ్రవరిలో ఆ జట్టుకి మొట్టమొదటి సూపర్ బౌల్ తెచ్చిపెట్టాడు. అతనే టామ్ బ్రాడీ. 2023లో ఆటకు వీడ్కోలు చెప్పేనాటికి అతని ఖాతాలో ఏడు సూపర్ బౌల్ విజయాలున్నాయి. అందులో ఆరు పేట్రియాట్స్‌కే దక్కాయి.