జమా–ఖర్చు: చారులో సముద్రపు నాచు

నాకు బీపీ ఉందని తేలినప్పటి నుంచి మా ఇంట్లో ఉప్పు డబ్బా మీద పెత్తనం మా ఆవిడదే. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. చెప్పడం తేలికే గానీ, ఉప్పు తగ్గిన చారు గొంతు దిగదు కదండీ!

ఆఫీసు పని మీద జపాన్ వెళ్ళిన మా అమ్మాయి రెండు రకాల ఎండు నాచు తెచ్చింది. నల్లటి పలుచని కాగితంలా ఉండేది నోరి, తోలుపట్టీలా మందంగా ఉండేది కొంబు. నాచేమిటి, తినడమేమిటి అని మొహం చిట్లించకండి. మన చైనా గ్రాసూ నాచు నుంచి వచ్చేదే. అందుకు పనికొచ్చే నాచును రామనాథపురం తీరంలో ఆడవాళ్ళు నీళ్ళలో మునిగి ఏరుతారు.

కొంబు నీళ్ళ కమ్మదనానికి కారణం గ్లుటమేట్ అని 1908లో టోక్యో ఆచార్యుడు కికునాయె ఇకెడా కనిపెట్టి, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టారు. అది తోడైతే ఉప్పు తగ్గినా నాలుకకు లోటు తెలియదు. చారులో ఒక కొంబు ముక్క వేసి ఉప్పు సగం చేశాను. భేషుగ్గా ఉంది! రెండు నెలలు ఇంటిల్లిపాదికీ అదే చారు.

జమ చూసుకున్నానే గాని ఖర్చు చూడలేదు. మా ఆవిడ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ఈసారి పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా పెరిగింది. “కొత్తగా ఏం తింటున్నారమ్మా?” అన్నారు డాక్టరు గారు. నేను నీళ్ళు నమిలాను. మనకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. ఒక్క గ్రాము కొంబులో వెయ్యికి పైనే ఉండవచ్చు. ఉడికిస్తే అది చాలావరకు నీళ్ళలోకే దిగుతుంది. అయోడిన్ తక్కువైనా, మితిమీరినా థైరాయిడ్‌కు చేటే. ముప్పయ్యేళ్ళు ఊరందరి లెక్కల్లో తప్పులు పట్టినవాణ్ణి, ఇంటి లెక్క తప్పాను. కొంబు మానేశాక, తర్వాతి పరీక్షలో అంకె దిగివచ్చింది.

నోరిలో అయోడిన్ అంతకంటే చాలా తక్కువ. దానితో నాకోసం ఒక పొడి చేసుకుంటున్నాను. నువ్వులు 4 చెంచాలు, జీలకర్ర అర చెంచా, ఎండుమిర్చి 2 దోరగా వేయించాలి. ఉప్పు కలపని నోరి కాగితాలు 2 చివర్లో సెగ చూపించి, అన్నీ కలిపి బరకగా పొడి చేయాలి. ఉప్పు వేయవద్దు. చెమ్మ తగలని సీసాలో ఉంచి, పెరుగన్నం మీదో, దోసకాయ ముక్కల మీదో అర చెంచా చల్లుకుంటే చాలు.

థైరాయిడ్ ఉన్నవారు, గర్భిణులు మాత్రం డాక్టరును అడగనిదే ఏ నాచూ ముట్టవద్దు. మా ఇంట్లో ఉప్పు డబ్బాతో పాటు ఇప్పుడు నాచు సీసా కూడా మా ఆవిడ అధీనంలోనే ఉంది.