రోజుకొక రూపాయి

సారా ఆదాయము లేనిదే ప్రభుత్వము నడవదని మన పాలకులు చిరకాలము నమ్మిరి. అవిభక్త ఆంధ్రప్రదేశములో 1970–71లో 39 కోట్ల రూపాయలుగా నున్న ఆబ్కారీ రాబడి 1991–92 నాటికి 800 కోట్లు దాటినది. 1983లో మొదలైన రెండు రూపాయల బియ్యము వంటి పథకములు ఈ సొమ్ముతోనే సాగగలవని వాదించినవారును కలరు.

ఈ వాదమునకు సమాధానము చెప్పినవారు అర్థశాస్త్ర పండితులు కారు. నెల్లూరు పడమటి మెట్ట స్త్రీలు. వానను నమ్ముకొని బ్రదుకు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో మగవాని కూలి పొయ్యిదాక రాకమునుపే సారా దుకాణమును చేరుచుండెను. చౌకబియ్యము కొనుటకైనను చేత రూపాయి మిగులవలదా యన్నదే వారి ప్రశ్న. 1991లో జిల్లాలో సాగిన అక్షరదీపము రాత్రిబడులు వారిని ఒకచోట చేర్చెను. కలిగిరి మండలము దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలగువారు సారా దుకాణమును మూయించిరి. ఆ కథ వాచకమున కెక్కి ఊరూర పాకెను. 1992లో స్త్రీలు సారా వేలముల నడ్డగించిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను.

మిగిలిన రూపాయి నేమి చేయవలెను? దినమున కొక రూపాయి దాచుటయే వారి రెండవ సూత్రము. పదునైదుగురు కూడినచో ఏడాదికి 5,475 రూపాయలు. నెల్లూరు జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’గా వెలసిన ఈ పద్ధతి రాష్ట్రమందలి డ్వాక్రా సంఘములకు ఊతమైనది.

పిమ్మట జరిగిన దేమి? 1997లో నిషేధము సడలెను. బొక్కసము మరల మద్యమునే ఆశ్రయించెను. సంఘములకో 2004లో పావలా వడ్డీ, 2014లో ఋణమాఫీ వాగ్దానము దక్కినవి. వడ్డీ తగ్గుట మేలే, మేము కాదనము. కాని ఒకచేత భర్త కూలిని లాగుకొని, వేరొకచేత భార్యకు అప్పిచ్చి, దానిని ఉపకారమని చాటుకొనుట న్యాయమా? పొదుపు చేసినవారు యజమానులు. మాఫీకై ఎదురుచూచువారు యాచకులు. ఆ స్త్రీలు కోరినది మొదటి పదవి, రెండవది కాదు.

కావున ఓటడుగ వచ్చు ప్రతి అభ్యర్థిని చదువరు లొక్క ప్రశ్న అడుగవలెను: మీరు పంచెదమను సొమ్ములో మద్యము పాలెంత? దీనికి సూటిగా ఉత్తరము రానంతకాలము దూబగుంట ఉద్యమము ముగిసినదని తలంపరాదు.