అన్నీ పాయింట్లేనా?



ఈ మధ్య ఏది చూసినా పాయింట్లే. పేపరు తీస్తే పెద్ద వార్త కింద నాలుగు చుక్కలు, చుక్క పక్కన ఒక్కో ముక్క. ఆఫీసు కాగితాలూ అంతే. ఫోనులో వచ్చే ఇన్‌షార్ట్స్ వార్త 60 మాటలు దాటదు. అమెరికాలో 2017లో మొదలైన యాక్సియోస్ అనే వార్తాసంస్థకి ఇదే పద్ధతి. చదివేవాళ్లకి టైం లేదట. మనకి రోజూ స్టడీ అవర్ ఉంది గదా, మనక్కూడా లేదా?

పాయింట్లు అసలు వద్దని నేను అనను. బస్సు టైములు, మలేరియా మాత్రలు ఏ పూట ఎన్ని వేసుకోవాలి, ఇట్లాంటివి పాయింట్లుగా ఉంటేనే మంచిది. మెస్ మెనూని వ్యాసంగా రాస్తే గుడ్డు ఏ రోజో వెతుక్కునేలోపు బెల్లు కొట్టేస్తారు. కాని అన్నిటికీ ఇదే పద్ధతి పెడితే "ఎందుకంటే", "అందువల్ల", "ఎవరు" అనే మాటలు మధ్యలో జారిపోతాయి. పుల్లలు మిగులుతాయి, మోపు కట్టిన తాడు పోతుంది.

సైన్స్ మేడం చెప్పిన సంగతి ఒకటి రాస్తాను. 2003 జనవరి 16న కల్పనా చావ్లా ఎక్కిన కొలంబియా పైకి వెళ్తుంటే, ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. ప్రమాదం ఉందా లేదా అని ఇంజనీర్లు లెక్కలు వేసి, నాసా అధికారులకు పాయింట్లుగా స్లైడు మీద చూపించారు. పైన పెద్ద అక్షరాలు చూస్తే భయం లేదన్నట్టే ఉంది. అసలు సంగతి అట్టడుగున ఉంది. పరీక్షల్లో కొట్టి చూసిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు తగిలింది 1920. అంటే 640 రెట్లు! ఆ పరీక్షలకీ దీనికీ పోలిక లేదన్నది కూడా ఆ అడుగునే. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ ఏడుగురూ చనిపోయారు. పాయింట్లే చంపాయని నేను అనను. కాని విచారణ బోర్డు 2003 ఆగస్టులో ఇచ్చిన రిపోర్టులో ఈ స్లైడు గురించి ప్రత్యేకంగా రాసింది. పెద్ద అధికారి దాన్ని చదివినా ఇది ప్రాణాపాయం సంగతి అని తట్టకపోవచ్చు అని.

అంత చదువుకున్నవాళ్లకే అట్లా అయితే మన ఊళ్ల సంగతేంటి? మా ఊళ్లో పోడు పట్టాల గురించి ఒక కాగితం అంటించారు. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉండాలి అని ఒక పాయింటు, 4 హెక్టార్లు మించరాదు అని ఒకటి, గ్రామసభ తీర్మానం అని ఒకటి. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదటిదాన్ని, అందుకని నేనే చదివి చెప్పాను. మా నాయనమ్మ అంతా విని "తీర్మానం ఎవరు జేయాలె? వాళ్లా, మనమా?" అని అడిగింది. కాగితంలో అది లేదు. సెలవులయ్యాక సోషల్ మేడంని అడిగితే చెప్పారు. 2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ అంటే ఊళ్లో పెద్దవాళ్లు అందరూ, ఆడవాళ్లతో సహా. అర్జీలు తీసుకుని ముందు విచారించేది ఆ సభే. దాని తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లోపు సబ్ డివిజన్ కమిటీకి పెట్టుకోవచ్చు. అంటే ఆ పాయింటులో ఉన్నది మా నాయనమ్మే! ఆ సంగతి ఆమెకే తెలియలేదు. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకి రాసుకున్నట్టు రాశారు.

పాయింట్లు రాస్తేనే మార్కులు అని పదో తరగతి అక్కలు అంటారు. నిజమే, పరీక్షలో రాయండి. కాని అమెజాన్ కంపెనీలో 2004లో పెద్ద అధికారుల మీటింగులకి పాయింట్ల స్లైడులు మాన్పించి, పూర్తి వాక్యాలతో రాసుకు రమ్మన్నారు. ఆరు పేజీల దాకా ఉంటుందట, ముందు అందరూ కూర్చొని మౌనంగా చదువుతారట, మన స్టడీ అవర్ లాగే.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మన నోటీసు బోర్డు మీద "ఈ ఆదివారం విజిటింగ్ లేదు" అని రాసినప్పుడు ఎందుకు లేదో, మళ్లీ ఎప్పుడో ఒక వాక్యం కూడా రాయించండి. కొండ దిగి వచ్చిన అమ్మానాన్నలకి గేటు దగ్గర మేమే చెప్పాలి గదా. బోర్డు కింద సగం ఖాళీగానే ఉంది.

– 9వ తరగతి విద్యార్థిని