అనంతపురం ఎండకి ధర కట్టేదెలా?



ఒషావాలో ఫిబ్రవరి ఎండని చూసి మనవాళ్ళు నవ్వుతారు గానీ, సోలార్ ప్యానెల్‌కి అదంటే భలే ఇష్టం. మైనస్ పదిలో ఆకాశం తేటగా ఉంటే, పడిన వెలుతురు కొంచెమే అయినా సిలికాన్ దాన్ని బాగా వాడుకుంటుంది. అదే ప్యానెల్‌ని మే నెలలో అనంతపురం తీసుకెళ్ళండి. దాని ఒళ్ళు 65 డిగ్రీలకి కాలుతుంది. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా ఉత్పత్తి పడిపోతుంది. అంటే కంపెనీ కాగితం మీద రాసిచ్చిన సామర్థ్యంలో 12 నుంచి 16 శాతం మిట్టమధ్యాహ్నమే పోయినట్టు. రాయలసీమకి దండిగా ఉన్న వేడే ప్యానెల్‌కి పగదయింది.

ఈ చిక్కుని తిరగేసి ఆలోచించిన వాళ్ళు స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నారు. నికొలస్ మెలోష్ బృందం 2010లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో ఒక పేపరు ప్రచురించింది. గాలియం నైట్రైడ్ అనే సెమీకండక్టర్ మీద సీజియం పల్చగా పూశారు. వెలుతురు ఎలక్ట్రాన్‌ని కొంత ఎత్తుకి లేపుతుంది. మిగతా ఎత్తు వేడి ఎక్కిస్తుంది. ఎలక్ట్రాన్ పలకని వదిలి శూన్యంలోకి దూకితే, ఎదురుగా ఉన్న రెండో పలక పట్టుకుంటుంది. మామూలు ప్యానెల్ నీరసించే చోట, 200 డిగ్రీలు దాటాక, ఇది హుషారెక్కుతుంది. ఆ పైన మిగిలిన వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుకోవచ్చు. రెండూ కలిస్తే ఎండలో సగానికి పైగా కరెంటవుతుందని వాళ్ళ అంచనా.

అంచనా మాత్రమే. ల్యాబులో రుజువైంది సూత్రం. బజార్లో కొనుక్కునే సరుకు ఇంతవరకు రాలేదు. రెండు పలకల్ని శూన్యంలో అతి దగ్గరగా, వందల డిగ్రీల తేడాతో నిలబెట్టి, సీజియం పూత చెదరకుండా ఏళ్ళ తరబడి నడపడం ఆషామాషీ కాదు.

సరే, రేపే వచ్చిందనుకుందాం. మనవాళ్ళు కొంటారా? నాకు అనుమానమే. వేడితో కరెంటు తీసే ప్రయత్నం అనంతపురం జిల్లాలో ఒకసారి జరిగింది, దాని కథ తెలిస్తే మీకూ అనుమానం వస్తుంది.

స్టాన్‌ఫర్డ్ పేపరు వచ్చిన 2010లోనే కేంద్రం జాతీయ సోలార్ మిషన్ కింద 7 థర్మల్ ప్రాజెక్టులకి, మొత్తం 470 మెగావాట్లకి, కాంట్రాక్టులిచ్చింది. వాటిలో ఎక్కువ భాగం పూర్తి కాలేదు. పూర్తయిన కొద్దింటిలో ఒకటి నాగలాపురంలో మేఘా సంస్థ 2014లో నిలబెట్టిన 50 మెగావాట్ల ప్లాంటు. వంపు అద్దాలు ఎండని గొట్టం మీదకి మళ్ళిస్తాయి, లోపలి నూనె కాగుతుంది, ఆ వేడికి నీరు ఆవిరై టర్బైన్ తిరుగుతుంది. ధర యూనిట్‌కి 11 రూపాయల పైచిలుకు. 2017లో కడప సోలార్ పార్కు వేలంలో మామూలు ప్యానెళ్ళ కరెంటు 3 రూపాయల 15 పైసలకి వచ్చింది. ఇంకేముంది, థర్మల్ దండగ అని తేల్చేశారు.

కానీ వేడికి ప్యానెల్‌కి లేని గుణం ఒకటుంది. ఉప్పు కరిగించి ట్యాంకులో పోసి దాచుకోవచ్చు, పొద్దుగూకాక వాడుకోవచ్చు. నాగలాపురం ప్లాంటులో ఆ ట్యాంకులే లేవు! మధ్యాహ్నం యూనిట్‌కీ సాయంత్రం యూనిట్‌కీ ఒకటే ధర అన్నప్పుడు ట్యాంకు మీద ఎవరు ఖర్చు పెడతారు? ఖరీదైన వేడిని కొని, దాని అసలు ప్రయోజనాన్ని వదిలేశాం. ఆ తప్పు టెక్నాలజీది కాదు, టెండరుది.

2020 జనవరిలో సెకి జరిపిన వేలం చూడండి. అందులో గ్రీన్‌కో కోట్ చేసిన పీక్ ధర 6 రూపాయల 12 పైసలు, మిగతా వేళల్లో 2 రూపాయల 88 పైసలు. వేళని బట్టి ధర అడిగేసరికి రెట్టింపుకి పైగా తేడా తేలింది. ఆ పదేళ్ళూ ఈ ప్రశ్న అడక్కుండానే థర్మల్‌కి పాడె కట్టాం. ఈలోగా బ్యాటరీలు చవకయ్యాయి కాబట్టి చివరికి అవే గెలవొచ్చు. గెలిస్తే మంచిదే, కానీ పోటీ జరిగి గెలవాలి.

మేమిక్కడ తెలివైనవాళ్ళమనీ కాదు. ఒంటారియో 2009లో ఇంటికప్పు కరెంటుకి ఏ వేళకైనా ఒకే ధర కట్టింది, యూనిట్‌కి 80.2 సెంట్లు. బిల్లులు పెరిగి జనం తిట్టుకున్నారు. 2018లో వచ్చిన ప్రభుత్వం ఆ చట్టాన్నే ఎత్తేసింది.

వేడిని సరిగ్గా వాడిన ఉదాహరణ తిరుమలలోనే ఉంది. 2002లో 106 డిష్‌లు పెట్టి, ఎండతో ఆవిరి చేసి, రోజుకి 15 వేలమందికి వంట చేసే ఏర్పాటు చేశారు. అక్కడ కావలసింది వేడే, కరెంటుగా మార్చే బాధ లేదు.

హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది. సౌర వేడిని పట్టే పూతల మీద అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలున్నారు. వాళ్ళకి సీమలో నాలుగెకరాలు, ఐదేళ్ళ బడ్జెట్టు ఇచ్చి, వెలుగూ వేడీ కలిపి వాడే పద్ధతుల్ని మన దుమ్ములో, మన ఎండలో పరీక్షించమనాలి. నాగలాపురం ప్లాంటు గంటవారీ లెక్కలన్నీ జనం ముందు పెట్టాలి. ఎండ ఎంత పడింది, కరెంటు ఎంత వచ్చింది, నీళ్ళెన్ని ఖర్చయ్యాయి అన్నది తెలియాలి.

జులైలో మన సభలకి మంత్రులొస్తారు. శాలువా కప్పేముందు ఒక్క మాట అడగండి: సాయంత్రం ఏడింటి యూనిట్‌కి మీ ప్రభుత్వం ఎంతిస్తుంది?