టిబెట్‌ను వదులుకుంటే మనకు దక్కిందేమిటి?



మార్చి 10 వస్తోంది. 1959లో అదే రోజున లాసా జనం వేలాదిగా కదిలివచ్చి నోర్బులింకా ప్రాసాదం చుట్టూ నిలబడ్డారు, తమ మతగురువు దలైలామాను చైనా సైన్యం ఎత్తుకుపోతుందనే భయంతో. ఆ నెలాఖరుకు ఆయన మన గడ్డ చేరారు. మనం ఆశ్రయమిచ్చాం. అందుకు గర్వపడదాం. కానీ ఆయన దేశాన్ని కాగితం మీద వదిలేసింది కూడా మన పాలకులే!

1950లో చైనా సైన్యం తూర్పు టిబెట్‌లోని చామ్డో మీద పడినప్పుడు టిబెట్ ఐక్యరాజ్యసమితికి మొరపెట్టుకుంది. ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం ఆ మొరను అందుకుంది. చర్చను వాయిదా వేయించడంలో బ్రిటన్‌తో పాటు మనమూ ఉన్నాం. 1954లో నెహ్రూ ప్రభుత్వం టిబెట్ చైనాలో భాగమంటూ పంచశీల ఒప్పందం మీద సంతకం పెట్టింది. టిబెట్‌లోని యాటుంగ్, గ్యాంట్సేల నుంచి మన సైనికులను వెనక్కి పిలిపించింది, తపాలా, టెలిగ్రాఫ్ కార్యాలయాలను అప్పగించింది. సరిహద్దు సంగతి మాత్రం తేల్చుకోలేదు. ఎనిమిదేళ్లకు యుద్ధం వచ్చింది.

2003లో బీజింగ్ వెళ్లిన నాటి ప్రధాని వాజ్‌పేయి మళ్లీ అదే ఒప్పుకున్నారు. నాథూ లా దారిలో వర్తకానికి బాట పడింది. అయినా 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది నేలకొరిగారు. వారి దళపతి కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. టిబెట్ ఊసెత్తకుంటే సరిహద్దు చల్లబడుతుందనే వాళ్లు సూర్యాపేటకు వచ్చి ఆ మాట చెప్పగలరా?

అదే ఏడాది లద్దాఖ్‌లో మన సైన్యం తరఫున పోరాడుతున్న ఒక టిబెటన్ సైనికుడు మందుపాతర పేలి చనిపోయాడు. శవపేటిక మీద మన జెండా, టిబెట్ జెండా రెండూ కప్పారు. అంత్యక్రియలకు వెళ్లిన అధికార పార్టీ నాయకుడు ఆ సంగతిని ట్విట్టర్‌లో పెట్టి, తర్వాత తీసేశారు. మన కోసం ప్రాణమిచ్చినవాడికి బహిరంగంగా దండం పెట్టడానికీ భయమా? అంతకు ముందు ఏడాది చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ మామల్లపురం వస్తున్నాడని చెన్నైలో టిబెటన్ విద్యార్థులను పట్టుకుని నిర్బంధించారు. ఆ పిల్లలు చేసిన నేరం టిబెటన్లుగా పుట్టడమే.

దలైలామాయే స్వయంప్రతిపత్తి చాలంటున్నారు కదా అని కొందరు అడుగుతారు. నిజమే. తన జనం ప్రాణాలు కాపాడుకోవడానికి ఆయన ఒక మెట్టు దిగారు. ఆ మాట చాటున దాక్కునే హక్కు మన నాయకులకు లేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం ముందుంది. 1995లో దలైలామా తన తర్వాతి స్థానంలోని మతగురువు పంచెన్ లామాగా గుర్తించిన ఆరేళ్ల బాలుణ్ణి చైనా మాయం చేసి, తనకు నచ్చిన మరో బాలుణ్ణి గద్దె ఎక్కించింది. రేపు దలైలామా విషయంలోనూ అదే చేస్తుంది. తన వారసుణ్ణి గుర్తించే అధికారం తన ట్రస్టుదేనని ఆయన 2025 జూలైలో తేల్చి చెప్పారు. విశ్వాసాల విషయంలో తమకు ఏ వైఖరీ లేదని మన విదేశాంగ శాఖ తప్పుకుంది. 2006లో అమరావతిలో కాలచక్ర బౌద్ధ దీక్షకు దలైలామా వస్తే చేతులు జోడించిన నేల మనది. విదేశాంగ శాఖ జవాబుతో సరిపెట్టుకుందామా?

బీజింగ్ నిలబెట్టే దలైలామాను భారత్ గుర్తించదని పార్లమెంటు తీర్మానం చేయాలి! మీ ఎంపీకి ఈ వారమే ఉత్తరం రాయండి, ఆయన ఏ పార్టీ అయినా సరే. ఊరికి వచ్చినప్పుడు నిలబెట్టి అడగండి. మార్చి 10 సాయంత్రం మీ ఊరి అంబేద్కర్ బొమ్మ దగ్గరికి రండి. మీ వీధిలో స్వెటర్లు అమ్మే టిబెటన్లు ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకుని రండి!