నూట యాభైకి అయిదు చుక్కలు

ముందుగా నేరం ఒప్పేసుకుంటా. మొన్న సంక్రాంతికి ఖమ్మంలో ఉన్న అమ్మకి ఆన్‌లైన్‌లో మిక్సీ కొన్నా. రేటింగు 4.4, కింద వేలకొద్దీ రివ్యూలు. ఇంకేం కావాలి, కళ్ళు మూసుకుని నొక్కేశా. డబ్బాలో మిక్సీతో పాటు ఓ రంగుల కార్డు వచ్చింది. అయిదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేస్తే 150 రూపాయలట! జారులో ఇంకా చెంచాడు పప్పు కూడా పడలేదు, నేను అయిదు చుక్కలూ పెట్టేశా. డబ్బులు కూడా వచ్చాయి.

మూడు వారాలకి గారెల పిండి రుబ్బుతుంటే కప్లర్ విరిగింది. "ఒరేయ్, అంతమంది బాగుందన్నారన్నావు కదరా" అంది అమ్మ. ఆ అంతమందిలో నేనూ ఉన్నానని చెప్పలేదు.

సరే, అసలు గొడవకొస్తా. లెక్కలొచ్చిన వాళ్ళం కదా, ఆ 4.4 చూసి మనం ఎందుకు పడిపోతాం? వందమందిలో 85 మంది అయిదు, 15 మంది ఒకటి ఇస్తే సగటు 4.4. 60 మంది నాలుగు, 40 మంది అయిదు ఇచ్చినా 4.4 ఏ. రెండోది ఎవర్నీ పెద్దగా ఏడిపించని మిక్సీ. మొదటిది దాదాపు ఏడుగురిలో ఒకరి వంటింట్లో చచ్చే మిక్సీ. ఆఫీసులో ఎవడైనా రెస్పాన్స్ టైమ్ సగటు ఒక్కటే చూపిస్తే "పర్సెంటైల్స్ ఏవి బాబూ" అని నిలదీస్తాం. సాయంత్రం ఇంటికెళ్ళి అదే సగటు చూసి ఆర్డరు పెడతాం!

"వెరిఫైడ్ పర్చేజ్ అని ఉంటుంది కదండీ" అంటారా? నాదీ వెరిఫైడే. నేను డబ్బులు పెట్టి కొన్నానని దానర్థం, నిజం చెప్పానని కాదు.

పైగా ఆ రివ్యూలు అసలు ఆ వస్తువువేనా అని ఇంకో అనుమానం. అమెరికాలో బౌంటిఫుల్ అనే విటమిన్ల కంపెనీ, అమెజాన్‌లో కొత్త సరుకుని బాగా అమ్ముడయ్యే పాత సరుకుకి 'వేరియేషన్'గా తగిలించి, పాతదాని రేటింగులు కొత్తదానికి తొడిగిందని 2023లో ఎఫ్.టి.సి. పట్టుకుంది. ఆరు లక్షల డాలర్లు కట్టించింది. ఆ వేరియేషన్ టేబుల్ డిజైన్ చేసినవాడు మనలాంటివాడే. రంగుల కోసం, సైజుల కోసం పెట్టుంటాడు పాపం.

పాపం అనకూడదేమో. కొన్నేళ్ళ కిందట నేనే ఒక యాప్‌లో "మా యాప్ నచ్చిందా?" అనే డయలాగ్ రాశా. అవునంటే ప్లే స్టోర్‌కి, కాదంటే మా సొంత ఫీడ్‌బ్యాక్ ఫారానికి. ఆ ఫారాలు ఎవరు చదివారో దేవుడికే తెలియాలి. రేటింగు మాత్రం పెరిగింది, టీముకి పిజ్జాలొచ్చాయి. ఇలా ముందు అభిప్రాయం అడిగి వడకట్టొద్దని గూగుల్ తన ఇన్-యాప్ రివ్యూ మార్గదర్శకాల్లో రాసింది కూడా. కోడ్ రివ్యూలో ఒక్కడూ నోరెత్తలేదు, నాతో సహా.

ఇక చట్టమంటారా... మన దేశంలో 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చారు, కొనుక్కున్న రివ్యూలు వెయ్యకూడదని. తెచ్చింది మాత్రం ఇష్టమున్నవాళ్ళు పాటించండి అనే పద్ధతిలో. హెల్మెట్ కూడా అలా అని చూడండి, ఎంతమంది పెట్టుకుంటారో!

ఊళ్ళో కొట్టువాడికీ కమీషన్ ఉంటుంది లెండి, అతనేమీ హరిశ్చంద్రుడు కాదు. కానీ విరిగిన ముక్క పట్టుకెళ్ళి అతని బల్ల మీద పెట్టి అమ్మ నాలుగు మాటలు అనొచ్చు. ఇక్కడ నేను ఎవర్ని తిట్టాలి? ఆ 85 మందినా? ఇప్పుడు నేను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, రెండు మూడు చుక్కలవాళ్ళనే చదువుతున్నా. అయిదుకి డబ్బులిస్తారు, పోటీవాడి మీద ఒకటి వెయ్యడానికీ ఇస్తారు. మూడుకి ఎవడిస్తాడు?

పోయిన వారం నా రివ్యూని ఒక చుక్కకి మార్చి, కార్డు సంగతి కూడా రాశా. మర్నాడే ఆ వాట్సాప్ నంబరు నుంచి మెసేజ్: రివ్యూ తీసేస్తే మిక్సీ డబ్బులు మొత్తం వెనక్కిస్తారట. ఇంకా జవాబివ్వలేదు. అమ్మ మాత్రం తీసుకోమంటోంది.