తాతయ్య కాలంలో రంగులుండేవా?

తాతయ్య చిన్నప్పుడు లోకమంతా నలుపు తెలుపుల్లోనే ఉండేదట. గాంధీగారు, ఝాన్సీ లక్ష్మీబాయి పక్కపక్కనే నిలబడి ఇంగ్లీషువాళ్ళతో పోరాడారట. అమ్మమ్మ బడికి వెళ్తుంటే దారిలో డైనోసార్లు అడ్డం వచ్చేవట. ఇవన్నీ మా క్వార్టర్సులో ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు చదివే పిల్లలు చెప్పిన మాటలు. ఇలాంటివి మీ ఇళ్ళలోనూ రోజూ వినిపిస్తూనే ఉంటాయి. విన్నవాళ్ళందరూ నవ్వుతారు, వచ్చినవాళ్ళకల్లా చెప్పి మళ్ళీ నవ్వుతారు. అంతటితో ఆ సంగతి అయిపోతుంది.

అలా నవ్వి వదిలేయడం సరికాదని నా అభిప్రాయం. ముఖ్యంగా మనలాంటి ఇళ్ళలో, అంటే రెండు మూడేళ్ళకోసారి ఊరు మారే ఉద్యోగుల ఇళ్ళలో, అసలు సరికాదు. ఎందుకో చెబుతాను.

ముందు నలుపు తెలుపుల సంగతే చూద్దాం. ఆ పిల్లవాడు చూసిన పాతకాలం ఏది? గోడ మీద ముత్తాతగారి ఫోటో నలుపు తెలుపు. అమ్మమ్మ పెళ్ళి ఆల్బమ్ నలుపు తెలుపు. టీవీలో వచ్చే పాత సినిమా నలుపు తెలుపు. కళ్ళెదుట ఉన్న సాక్ష్యాలన్నీ ఒకే మాట చెబుతుంటే వాడు ఇంకేమనుకోవాలి? అప్పట్లో వాడిన మామూలు ఫిల్ము ఎక్కడ ఎంత వెలుతురు పడిందో మాత్రమే పట్టుకునేదని, రంగుల్ని పట్టుకోలేకపోయేదని వాడికి ఎవరూ చెప్పలేదు. లోపం అక్కడే ఉంది కానీ వాడి ఆలోచనలో లేదు.

'మాయాబజార్' సినిమా 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. 2010లో దానికి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. రెండూ చూసిన ఒక మూడో తరగతి పాప, "అయితే ఘటోత్కచుడికి 2010లో రంగొచ్చిందా?" అని అడిగింది. నవ్వొచ్చే మాటే, కానీ ఆ పాప తేదీలను జాగ్రత్తగా గమనించింది. మన దేశంలో టీవీ 1959లో ఢిల్లీలో మొదలైంది. రంగుల ప్రసారాలు 1982లో, అక్కడ ఆసియా క్రీడలు జరిగిన ఏడాదే వచ్చాయి. మధ్యలో ఇరవై మూడేళ్ళు టీవీలో ఎర్రచీరైనా పచ్చచీరైనా బూడిదరంగులోనే కనిపించేది. ఈ నాలుగు మాటలు చెబితే పాపకి చరిత్రా తెలుస్తుంది, విజ్ఞానశాస్త్రమూ తెలుస్తుంది. నవ్వి ఊరుకుంటే రెండూ తెలియవు.

ఇక డైనోసార్ల సంగతి. చిన్నపిల్లలకి కాలం పొడుగు తెలియదు. పియాజే అనే స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లలతో మాట్లాడి, వాళ్ళు కాలాన్ని ఎలా అర్థం చేసుకుంటారో పరిశీలించాడు. బాగా చిన్నపిల్లలు వయసుని ఎత్తుతో కొలుస్తారని, ఎవరు పొడుగ్గా ఉంటే వాళ్ళే పెద్దవాళ్ళనుకుంటారని గమనించాడు. నాన్నకంటే తాతయ్య పొట్టిగా ఉంటే ఆ పిల్లలకి పెద్ద చిక్కే! వాళ్ళ దృష్టిలో పాతకాలమంటే ఒకటే పెద్ద సంచి. రాజులు, రాక్షసులు, డైనోసార్లు, తాతయ్య అందరూ అందులోనే ఉంటారు. లక్ష్మీబాయి 1858లో యుద్ధంలో మరణించింది. గాంధీజీ పుట్టింది 1869లో. కానీ రిపబ్లిక్ డే నాడు బడిలో వేషాలు వేస్తే ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడతారు. ఇద్దరూ స్నేహితులని పిల్లలు అనుకోవడంలో వింతేముంది?

మాటలు కూడా పిల్లల్ని తికమక పెడతాయి. తాతయ్య "నాకు ఉద్యోగం వచ్చిందని టెలిగ్రామ్‌లో తెలిసింది" అంటే, మనవడు "ఏ గ్రూపులో తాతయ్యా?" అని అడిగాడట. మన దేశంలో తంతి సేవలు 2013 జూలైలో ఆగిపోయాయి. ఇప్పుడు ప్రైమరీలో ఉన్న పిల్లలకి ఆ పేరుతో తెలిసింది ఫోనులోని యాప్ ఒక్కటే. "చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటే, పండక్కి బెల్లం గవ్వలు కూడా చేసుకోలేనంత పేదవాళ్ళని ఇంకో పాప అర్థం చేసుకుంది. ఒకప్పుడు గవ్వలే డబ్బుగా చెలామణి అయ్యేవని, చిల్లి పడిన గవ్వకి ఏ విలువా ఉండదని తెలిస్తేనే కదా ఆ మాట అర్థమయ్యేది! మరి "పదహారణాల తెలుగమ్మాయి" అంటే పదహారేళ్ళ అమ్మాయి అనుకునేవాళ్ళు పెద్ద తరగతుల్లోనే ఉన్నారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చేదాకా రూపాయంటే పదహారు అణాలు. పదహారణాలంటే నిండు రూపాయి. అచ్చమైన, ఏ లోటూ లేని తెలుగుదనమని ఆ మాటకి అర్థం. అణాలు పోయినా మాట మిగిలిపోయింది.

మనలాంటి ఇళ్ళలో ఇలాంటి పొరపాట్లు ఇంకొంచెం ఎక్కువ. దానికి కారణం మన సామాన్లే. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే ఇంట్లో మొదట తేలేది ఏది వదిలేయాలన్న లెక్క. పాత రేడియో, రుబ్బురోలు, నాన్న చిన్ననాటి ట్రంకుపెట్టె లారీ ఎక్కవు. ఊళ్ళో తాతలనాటి ఇంట్లో పెరిగే పిల్లలకి అటక మీద పాతకాలం దొరుకుతుంది. మన క్వార్టర్సులో అటక ఉన్నా, దాని మీద ఉండేది గత ట్రాన్స్‌ఫర్‌లో విప్పని అట్టపెట్టెలే. తాతయ్యలు, అమ్మమ్మలు వేసవి సెలవుల్లో ఒక నెల కనిపిస్తారు, మిగతా పదకొండు నెలలు ఫోనులో "బాగా చదువుకుంటున్నావా?" దగ్గరే ఆగిపోతారు. కాబట్టి మన పిల్లలకి పాతకాలం గురించి తెలిసేది సినిమాలవల్ల, పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలవల్ల. మిగతాది వాళ్ళే ఊహించుకోవాలి.

మా ఇంట్లో జరిగిన రెండు సంగతులు చెబుతాను. మా తమ్ముడు ఆరేళ్ళప్పుడు చుట్టాలందరి ముందు, "అమ్మమ్మా, నీ చిన్నప్పుడు చెట్లు ఏ రంగులో ఉండేవి?" అని అడిగాడు. అందరూ గొల్లున నవ్వారు. వాడు ముఖం ఎర్రగా చేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళపాటు అమ్మమ్మని పాత సంగతి ఏదీ అడగలేదు. మళ్ళీ ఒకరోజు ఫోనులో, ఎవరూ లేనప్పుడు, "అమ్మమ్మా, ఉప్పెనలో నువ్వున్నావట కదా, హీరోయిన్‌వా?" అన్నాడు. వాడికి ఉప్పెన అంటే సినిమా పేరు. ఆ రోజు అమ్మమ్మ నవ్వలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం ఎలా విరుచుకుపడిందో, వాళ్ళ కుటుంబమంతా ఊళ్ళోని మేడ మీద రాత్రంతా ఎలా నిలబడిందో, తన పక్క బెంచీలో కూర్చునే స్నేహితురాలు మళ్ళీ ఎందుకు బడికి రాలేదో నెమ్మదిగా చెప్పింది. ఆ తుపానులో వేలమంది చనిపోయారు. అమ్మమ్మకి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ స్నేహితురాలి సంగతి అప్పటిదాకా మా అమ్మకి కూడా తెలియదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదట. ఒక తప్పు ప్రశ్నవల్ల అది బయటపడింది.

"పెద్దయితే అవే సర్దుకుంటాయి, దీనికింత చర్చ ఎందుకు?" అని కొందరు అనవచ్చు. తేదీలు సర్దుకుంటాయి, నిజమే. అడిగే అలవాటు మాత్రం ఒకసారి పోతే మళ్ళీ రావడం కష్టం. పైగా అడగకుండా పెరిగిన పెద్దవాళ్ళకీ ఇలాంటి నమ్మకాలుంటాయి. ఎర్రటి ఆవకాయ శ్రీకృష్ణదేవరాయల తాతముత్తాతల కాలం నుంచీ ఉందని చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. మిరప మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ అక్కడికి చేరింది 1492లో. ఆ తర్వాత పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మిరప మన తీరానికి వచ్చింది. అంతకుముందు మనవాళ్ళ కారం ఎక్కువగా మిరియాలదే. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. ఆవకాయ సంగతికి ఎవరూ నవ్వరు, ఎందుకంటే అందరూ అలాగే అనుకుంటారు. పిల్లలకొక న్యాయం, పెద్దలకొక న్యాయమా?

కాబట్టి నేను చెప్పదలచుకున్నవి మూడే. ఒకటి, తమ్ముడో చెల్లెలో ఇలాంటి మాట అన్నప్పుడు "నీకలా ఎందుకనిపించింది?" అని మొదట అడుగుదాం. జవాబు వింటే ఎక్కడ సరిచేయాలో మనకే తెలుస్తుంది.

రెండు, కాలాన్ని తాతయ్యలతో కొలిచి చూపిద్దాం. ఒక్కో తాతయ్యకి 75 ఏళ్ళు వేసుకుంటే, ఝాన్సీ లక్ష్మీబాయి దగ్గరికి వెళ్ళడానికి ఇద్దరు తాతయ్యల్ని దాటి ఇంకొంచెం వెళ్తే చాలు. 1591లో కట్టిన చార్మినార్ దగ్గరికి దాదాపు ఆరుగురు కావాలి. అశోకుడి దగ్గరికి ముప్ఫైమంది. డైనోసార్లు అంతరించి దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళయింది, అంటే సుమారు తొమ్మిది లక్షలమంది తాతయ్యలు! రెండో తరగతి పిల్లలకి కూడా ఈ లెక్క అర్థమవుతుంది. అమ్మమ్మకి డైనోసార్లు ఎందుకు అడ్డం రాలేదో ఇక చెప్పనక్కర్లేదు.

మూడు, లారీలో ఒక్క పెట్టెకి చోటు అడుగుదాం. పాత ఫోటోలు, ఒక పావలా నాణెం, తాతయ్య రాసిన ఒక ఇన్‌లాండ్ లెటరు, అంతే. ఫోటోల వెనక పేరు, ఊరు, సంవత్సరం రాసి పెడదాం. ఊరు మారిన ప్రతిసారీ అది మనతో రావాలి.

నిజానికి మన తాతయ్యలకీ ట్రాన్స్‌ఫర్లు తెలుసు. మా స్నేహితురాలి తాతగారిది వరంగల్. ఆయన 1950లో పుట్టినప్పుడు అది హైదరాబాద్ రాష్ట్రం. 1956 నవంబరు 1న అదే ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లోకి, 2014 జూన్ 2న తెలంగాణలోకి వచ్చింది. ఇది విని మనవడు, "తాతయ్యా, సామాన్లు సర్దకుండానే మూడు రాష్ట్రాలా!" అని ఆశ్చర్యపోయాడట. ఇలాంటి ప్రశ్నలూ జవాబులూ మన బడిలో ఎన్ని ఉంటాయో! తమిళం, ఒరియా, బెంగాలీ మాట్లాడే స్నేహితుల ఇళ్ళలోనూ ఉంటాయి. వచ్చే ఏడాది పత్రికలో వీటికోసం ఒక పేజీ కేటాయించమని సంపాదకులను కోరుతున్నాను. చిన్నపిల్లలు అడిగిన ప్రశ్న ఒకవైపు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన జవాబు ఇంకోవైపు ఉండాలి. ఈ వేసవిలో ఊరికి వెళ్ళినప్పుడు మీరూ ఒక జవాబు రాసుకుని తీసుకురండి.